మోత్కూరు నుంచి అమ్రాబాద్‌కు కలరమ్మతో

"మీ ఊరి తెల్ల దొరసానిని వాళ్ల దేశానికి పంపేస్తున్నరట గదా" అని దవాఖాన వరండాలో మందుల గుమస్తా నవ్వుతూ చెప్పాడు. హైదరాబాదులో నేను నర్సుగా చేరి అప్పటికి తొమ్మిదేళ్లు. పోలీస్ యాక్షన్ అయి నాలుగు నెలలు గడిచాయి. పాపం, ఆ గుమస్తా విన్నమాట చెప్పాడంతే. అయినా అతని నవ్వు చూసి నా చేతిలోని ట్రే బల్ల మీద పెట్టేశాను. లేకపోతే అతని మీదే విసిరేదాన్నేమో.

ఆమె అసలు పేరు క్లారా. మోత్కూరులో ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. ఆమె ఇంగ్లాండు నుంచి వచ్చిన ఏడాదే మావైపు కలరా తగిలింది. క్లారా, కలరా రెండూ కలిసిపోయి కలరమ్మ అయింది. మొదట్లో ఆ పేరు విని తల్లులు పిల్లల్ని ఇంట్లోకి లాక్కునేవారట. ఆమెకు మాత్రం ఆ పేరే నచ్చింది. దొరసానీ అని పిలిస్తే పలికేది కాదు. మా దగ్గర దొరసాని అంటే కోటలాంటి గడిలో ఉండే దొర భార్య. "నేను ఎవని పెండ్లాన్ని గాను" అనేది కలరమ్మ.

ఇరవై ఏడేళ్ల వయసులో ఒక మిషన్ తరఫున నర్సుగా వచ్చింది. పెళ్లికాని ఆడది ఊళ్లో ఒంటరిగా ఉండకూడదు, బంగళాలోనే ఉండాలి అని రెండో ఏట మిషన్ పెద్దలు ఆంక్ష పెట్టారు. రోగులు ఊళ్లో ఉంటే నేను బంగళాలో ఏం చేయాలని ఆమె అడిగింది. జీతం ఆపేశారు. ఆమె ఇంగ్లాండులో తల్లి వదిలిపోయిన ఇల్లు అమ్మించి మోత్కూరు చివర రెండు గదుల పెంకుటిల్లు కొనుక్కుంది. మొత్తం నలభై ఐదేళ్లు మోత్కూరులోనే ఉంది. నన్ను ఈ భూమ్మీదికి తెచ్చింది ఆమె చేతులే. పదేళ్లప్పుడు మా అమ్మ పోతే అక్షరాలు దిద్దించింది, తర్వాత నర్సు చదువుకు పంపింది. నేను ఆమెను అవ్వా అని పిలుస్తాను.

సెలవు అడిగితే మా పెద్ద నర్సు కుదరదంది. అర్జీ ఆమె బల్ల మీద పెట్టి వచ్చేశాను.

మర్నాడు పొద్దున ఏడుంబావుకు సికింద్రాబాదులో పాసింజరు ఎక్కాను. మూడో తరగతి పెట్టెలో కాలు పెట్టే జాగా లేదు. నా పక్కన కొత్త తెల్లటోపీ పెట్టుకున్న బట్టల వ్యాపారి కూర్చున్నాడు. ఇక దేశం బాగుపడ్డదనీ, రజాకార్లు పోయారనీ, సంఘం వాళ్ల పని కూడా రేపో మాపో అయిపోతుందనీ ఘటకేసరు దాకా చెబుతూనే ఉన్నాడు. సంఘం వాళ్లంటే దొరల భూములు పంచిపెట్టిన కమ్యూనిస్టులు. ఎదురుగా నులకమంచం అల్లే తాడు చుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆమె చాలాసేపు విని, చివరికి ఒక్కమాట అంది.

"మా ఊర్ల ఏం మారలేదయ్యా. మా దొర సుత నీ లెక్కనే టోపీ పెట్టుకొని వచ్చిండు."

వ్యాపారి కిటికీ వైపు తిరిగాడు.

తొమ్మిదింటికి భువనగిరిలో దిగాను. మోత్కూరుకు రోజుకు ఒకటే బస్సు, పదకొండు తర్వాత కదిలింది. అటు వెళ్లేవాళ్లు తిండి వెంట తీసుకెళ్లడం మంచిది. దారిలో మూడుచోట్ల మిలిటరీవాళ్లు ఆపి అందర్నీ దింపి మూటలు విప్పించారు. నా సంచిలో దూది, గాజుగుడ్డ, అయోడిన్ సీసా చూసి ఒక సిపాయి ఇవి ఎవరికని అడిగాడు. నేను నర్సునన్నాను. ఎవరికి నర్సువని మళ్లీ అడిగాడు. దెబ్బ తగిలినవాళ్లకని చెప్పాను. ఆ జవాబు అతనికి నచ్చలేదు. సీసా అతని దగ్గరే ఉండిపోయింది.

రెండున్నరకు మోత్కూరు చేరాను. సరాసరి కలరమ్మ ఇంటికే నడిచాను. తలుపుకు లక్క ముద్ర వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే సీసాలన్నీ నేల మీద పగిలి ఉన్నాయి. క్వినైన్, ఫినాయిల్ వాసన బయటిదాకా వస్తోంది. మలేరియా రోజుల్లో ఒక్కో మాత్రను సగం చేసి ఇద్దరికి ఇచ్చిన మనిషి ఆమె. ఆ మందుల్ని బూట్లతో తొక్కారు.

మెట్టు మీద ఖాజాబీ కూర్చుని ఉంది. ఆమె భర్త బట్టలకు రంగులద్దేవాడు. పోలీస్ యాక్షన్ అయిన వారంలో సాయిబుల ఇళ్ల మీద పడ్డ గుంపు అతణ్ణి చంపేసింది.

ఖాజాబీ చెప్పిందంతా ఇది. ఆ వారం తొమ్మిది రోజులు ముస్లిం ఆడవాళ్లూ పిల్లలూ ఈ రెండు గదుల్లోనే ఉన్నారు. కలరమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. గుంపు వచ్చినప్పుడు, లోపలికి పోవాలంటే నన్ను దాటిపోండి అంది. అంతకు ఏడాది ముందు గాయపడిన సంఘం కుర్రాళ్ల కోసం రజాకార్లు వచ్చినప్పుడు కూడా అదే మాట అని అక్కడే కూర్చుందట. అప్పుడు రజాకార్లు తిట్టి వెళ్లిపోయారు. ఇప్పుడు గుంపు తిట్టి వెళ్లిపోయింది. రెండేళ్ల క్రితం ప్రాణభయంతో పట్నం పారిపోయిన దొర మాత్రం మిలిటరీ లారీ వెనకాలే తిరిగొచ్చి, గడిలో కూర్చుని ఫిర్యాదు రాయించాడు. ఈమె విదేశీ మనిషి, సంఘం వాళ్లకు వైద్యం చేస్తోంది, రజాకార్ల కుటుంబాలను దాస్తోంది అని.

"మమ్ముల దాసినందుకే అమ్మను తీస్కపోయిన్రు బిడ్డా" అంది ఖాజాబీ. "నల్లగొండల పెట్టిన్రట. దినాం ఈడ్నే కూసుంటున్న. లోపటికి ఎవలన్న పోతరేమోనని."

ఆ పూట మా అన్న నర్సిమ్మ ఇంట్లో ఉన్నాను. అన్న నన్ను చూసి సంతోషించలేదు. వదిన జొన్నరొట్టె పెడితే తలవంచుకుని తిన్నాడు. గోడకు ఆనుకోకుండా నిటారుగా కూర్చున్నాడు. వీపు మీద దెబ్బలున్నవాళ్లు అలాగే కూర్చుంటారని రోజూ చూసేదాన్నే, అయినా నాకు తట్టలేదు. కలరమ్మ గురించి అడిగితే "నాకేం ఎరుకలే" అని లేచి కొట్టంలోకి వెళ్లిపోయాడు. నా మనసంతా నల్లగొండ మీదే ఉంది.

మోత్కూరు నుంచి నల్లగొండకు అప్పుడు సూటి బస్సు లేదు. తెల్లవారగానే బండి మీద రామన్నపేట, అక్కడ ఇంకో బండి మారి చిట్యాల, అక్కడ హైదరాబాదు నుంచి వచ్చే బస్సు. నల్లగొండలో దిగేసరికి నాలుగు దాటింది. కలరమ్మను ప్రయాణికులు దిగే ముసాఫిర్‌ఖానాలో వెనక గదిలో ఉంచారు. తలుపు దగ్గర జవాను ఉన్నాడు. నేను వెళ్లేసరికి ఆమె అతని కంటి కురుపుకు వేడినీళ్ల గుడ్డ అద్దుతోంది.

డెబ్బై రెండేళ్ల మనిషి. నేత చీర, తెల్లటి పొట్టి జుట్టు, ఎండకు మాడి ఇటుక రంగుకు తిరిగిన ముఖం. నన్ను చూసి "తిన్నవా?" అని అడిగింది. నేను ఏడుస్తానేమోనని భయపడ్డాను గానీ ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. నిన్ను కాపలా కాస్తున్నవాడికి వైద్యమేమిటని అరిచాను.

"వాని కన్ను ఏం తప్పు చెయ్యలే బిడ్డా" అంది.

మర్నాడు పదింటికి సర్కారు కచేరీకి తీసుకెళ్లారు. అధికారి కోస్తా వైపు నుంచి వచ్చినవాడు, మర్యాదస్తుడు. మాకు కుర్చీలు వేయించాడు. ఆ మర్యాదే నాకు ఎక్కువ మంట పుట్టించింది. ఆమెతో ఇంగ్లీషులో మొదలుపెట్టాడు, ఆమె తెలుగులో జవాబిచ్చింది. అతను నవ్వి నా వైపు తిరిగాడు.

"ఈవిడ తెలుగు మీ తెలుగు కన్నా మోటుగా ఉందండీ."

"మోటోళ్లే నేర్పిన్రు" అంది కలరమ్మ. "సక్కదనాలోళ్లు నాతోని మాట్లాడలే."

అతను ఉత్తర్వు చదివాడు. శాంతిభద్రతల దృష్ట్యా ఆమె జిల్లా వదిలి వెళ్లాలి. ఇంగ్లాండుకు ఓడ ఎక్కించే ఏర్పాటు ప్రభుత్వమే చేస్తుంది. ఈ వయసులో సొంతవాళ్ల మధ్య ఉండటం ఆమెకే మంచిది కదా అన్నాడు. నేను ఆగలేక, ఆమె చేసిన నేరమేమిటని అడిగాను. అతను ఫైలు తిప్పి నా ముందు పెట్టాడు. గాయపడిన వాళ్లకు కట్లు కట్టింది. ఆశ్రయం ఇచ్చింది. అడిగిన అధికారులకు పేర్లు చెప్పలేదు. అన్నీ నిజమే. ఒక్క అబద్ధం కూడా లేదు. కింద సాక్షుల సంతకాలు. గడి పట్వారీ, గడి గుమస్తా, మూడోది మా అన్న నర్సిమ్మ సంతకం.

అ, ఆలు రాని మా అన్నకు ఆ సంతకం నేర్పింది కలరమ్మే. ఎవరో వేలిముద్ర వేయించుకుని పొలం రాయించుకోబోతే, ఇకమీదట పేరు రాయడం నేర్చుకోమని నెల రోజులు పలక మీద దిద్దించింది. పెద్ద 'న' రాసి కింద గీత పెట్టే అలవాటు మా అన్నకు ఇప్పటికీ ఉంది. ఆ గీత కూడా ఉంది అక్కడ.

నేను ఫైలు మూసేశాను. ఆమెకు చెప్పకూడదనుకున్నాను.

ఆమె మాత్రం ఉత్తర్వు కాగితం అడిగి తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని నిదానంగా చదివింది.

"ఇంగ్లాండుల నాకు ఎవ్వలు లేరు" అంది. "ఆడ నన్ను చూస్తే ఎక్కడి ముసల్దని అడుగుతరు. దీంట్ల నల్లగొండ జిల్లా అనే రాసిన్రు గదా?"

"అవునండీ."

"గట్లయితే మహబూబ్‌నగర్ జిల్లాల ఉండొచ్చు."

అతను కాగితం మళ్లీ చూసుకున్నాడు. అది తన పరిధిలోది కాదన్నాడు. రెండు రోజుల్లో జిల్లా దాటాలన్నాడు. మోత్కూరు ఇంట్లోంచి ఆమె వస్తువులు తెచ్చుకోవచ్చా అంటే, ముద్ర తీయడానికి వేరే ఉత్తర్వు కావాలన్నాడు. ఆమెకు మిగిలింది ఒంటి మీద చీర, ఒక చేతిసంచి, స్టెతస్కోపు. నలభై ఐదేళ్ల కాపురం అంతే.

ఆమె అనుకున్నది అమ్రాబాద్. మహబూబ్‌నగర్ జిల్లాలో నల్లమల గుట్టల మీది ఊరు. చాలా ఏళ్ల క్రితం విషజ్వరాలు వచ్చినప్పుడు అక్కడ ఆరు నెలలు చెంచుల మధ్య ఉండి వచ్చింది. నల్లగొండ నుంచి పొద్దున ఎనిమిదింటికి దేవరకొండ బస్సు ఎక్కాం. దారి పొడుగునా ఆముదపు చేలు, రాళ్ల గుట్టలు, మధ్య మధ్య కాలిపోయిన గుడిసెల మొండి గోడలు. ఒక ఊరి చివర మసీదు తలుపు ఊడిపోయి ఉంది. లోపల మేకలు కట్టేసి ఉన్నాయి. బస్సులో ఎవరూ అటు చూడలేదు. నేను చూశాను.

దేవరకొండలో ఒక సత్రం వరండాలో ఆ పూట గడిచింది. మర్నాడు బండి మాట్లాడుకుని డిండి వైపు బయలుదేరాం. మధ్యాహ్నం చెరువు గట్టున చింతచెట్ల కింద ఎడ్లను విప్పి, రొట్టె, పచ్చిపులుసు తిన్నాం. బండి ఆయన కునుకు తీశాడు. అప్పటిదాకా దాచుకున్నది నా నోట్లోంచి వచ్చేసింది. మా అన్న సంతకం చూశాననీ, ఈ జన్మలో వాడి ముఖం చూడననీ చెప్పాను. వాడు పుట్టినప్పుడు కాళ్లు ముందొస్తే బతికించినందుకు నీకు మంచి బహుమానం దొరికిందన్నాను.

ఆమె రొట్టె ముక్క పక్కన పెట్టింది.

"పెట్టుమని నేనే చెప్పిన" అంది.

సంతకమా అని అడిగాను.

"రెండు దినాలు గడిల కొట్టిన్రు వాన్ని. మూడో దినం ఇడిసిపెట్టిన్రు, తెల్లారి సంతకం పెట్టకపోతే మల్ల తీస్కపోతమని. వాడు నా దగ్గెరికి వచ్చిండు. వీపుకు మందు రాసిన. అమ్మా నేను పెట్టను, చంపుతే చంపనీ అన్నడు. నలుగురు పిల్లలురా నీకు, పోయి పెట్టు అన్న. రాసిందంతా నిజమే గదా అన్న."

"నువ్వు ఎట్ల చెప్తవవ్వా? వాళ్లకు అదే గావాలె గదా. నీ చేతులతోని నువ్వే ఇచ్చినవు."

"ఇచ్చిన."

"నీకు కోపం రాదా?"

ఆమె ముఖం ఎర్రబడింది. నేను ఆమెకు కోపం లేదనుకోవడమే ఆమెకు కోపం తెప్పించిందని అప్పుడు తెలిసింది. స్టెతస్కోపు సంచిలోకి తోస్తూ చెప్పింది.

"మస్తు కోపమున్నదే. నా ఇల్లు పోయింది. నా మందులు తొక్కిన్రు. డెబ్బై రెండేండ్లకు గుట్టలెక్కుతున్న. దొర మీద కోపమున్నది. ఆ మర్యాదల ఆఫీసరు మీద అంతకు రెండింతలున్నది. దెబ్బలు తిన్నోని మీద మాత్రం లేదు. నువ్వు సుత పెట్టుకోకు."

నేను సరేననలేదు. ఆ మాటకు వస్తే అన్నతో మళ్లీ మాట్లాడటానికి నాకు రెండేళ్లు పట్టింది. వాడు హైదరాబాదుకు వచ్చి దవాఖాన గేటు దగ్గర నిలబడితే, చొక్కా విప్పమని వీపు చూశాను. మచ్చలు పోలేదు, గట్టిపడ్డాయి. ఆ తర్వాతే ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టాను. కానీ ఆ రోజు డిండి కట్ట మీద నాకు అంత పెద్ద మనసు లేదు. ఆమెతో సాయంత్రం దాకా మాట్లాడలేదు. ఆమె కూడా నన్ను పలకరించలేదు. బండిలో ఇద్దరం చెరో వైపు చూస్తూ కూర్చున్నాం.

ఆ రాత్రికి అచ్చంపేట చేరాం. మర్నాడు మన్ననూరు దాకా కట్టెల లారీ దొరికింది. డ్రైవరు ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి, నన్ను వెనక ఎక్కమన్నాడు. మన్ననూరు దాటాక ఇంకో బండి. అడవిలో టేకాకులు రాలి దారి కనిపించడం లేదు. చలి. గుట్ట మీదికి ఎక్కిన కొద్దీ ఆమె హుషారుగా అయింది. చెట్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. నిన్నటి కోపం ఆమెకు గుర్తున్నట్టు లేదు, నాకు మాత్రం గుర్తుంది.

పన్నెండింటికి అమ్రాబాద్‌లో బండి ఆగగానే ఒక చెంచు ముసలాయన దగ్గరికి వచ్చి ఆమె ముఖంలోకి వంగి చూశాడు. లింగయ్య అతని పేరు. ఆ విషజ్వరాల్లో ఆమె బతికించిన వాళ్లలో ఒకడు. ఆమెను గుర్తుపట్టగానే అతని ముఖంలో భయం కనిపించింది.

"కలరమ్మా, మల్ల జరాలొచ్చినయా?"

"లేదు లింగయ్యా. ఈసారి నన్నే తరిమిన్రు."

ఎవరు తరిమారు, ఎందుకు అని అడగలేదు. సంఘమా, సర్కారా, సాయిబులా అనీ అడగలేదు.

"గట్లయితే జాగా జూపిస్త, రా" అన్నాడు.

ఊరి చివర వెదురు తడికల గుడిసె ఒకటి ఖాళీగా ఉంది. సాయంత్రానికి మట్టితో అలికి ఇచ్చారు. మర్నాడు పొద్దున ఏడింటికే ఆమె గుమ్మంలో కూర్చుని పిల్లల పొట్టలు నొక్కి చూస్తోంది. దాదాపు అందరికీ జ్వరాలతో పొట్టలో బల్ల, అంటే ప్లీహం, పెరిగి ఉంది. మందు లేదు. నన్ను పిలిచి కావలసినవి రాయించింది. క్వినైన్, అయోడిన్, దూది, రెండు కత్తెరలు. మళ్లీ మొదటి నుంచి. నేను కూడా ఇక్కడే ఉండిపోతానన్నాను. ఒప్పుకోలేదు.

"నీకు నౌకరి ఉంటెనే నాకు మందులొస్తయి. పో" అంది.

మూడో రోజు పొద్దున నేను బండి ఎక్కేటప్పుడు ఆమె బయటికి రాలేదు. లోపల కాన్పు జరుగుతోంది.

ఆమె అమ్రాబాద్‌లో పదకొండేళ్లు బతికింది. నేను ఏడాదికి రెండుసార్లు మందులు తీసుకుని వెళ్లేదాన్ని. నల్లగొండ ఉత్తర్వును ఎవరూ రద్దు చేయలేదు. ప్రభుత్వాలు మారాయి, నేను రాసిన అర్జీలకు ఒక్క జవాబు రాలేదు. మోత్కూరు ఇల్లు ముద్రతోనే కూలిపోయింది. దొర ఎన్నికల్లో నిలబడి ఓట్లు అడిగాడు. ఎనభై మూడో ఏట ఆమె జ్వరంతో పోయింది. చెంచులు తమవాళ్లను పెట్టే చోటే ఆమెను పెట్టారు. మా అన్న కూడా వచ్చి మట్టి వేశాడు.

ఇదంతా తర్వాతి మాట. గుట్ట దిగిన మర్నాడు నేను అచ్చంపేటలో బస్సు పట్టుకుని జడ్చర్ల వచ్చి, ఒంటిగంట తర్వాత కాచిగూడ వెళ్లే రైలు ఎక్కాను. కూర్చోగానే అన్ని రోజులు రాని ఏడుపు వచ్చింది. ఎదురుగా ఉన్న ముసలామె, షాద్‌నగర్ దగ్గరి ఊరట, ఏమైందని అడిగింది. మా అవ్వను అడవిలో వదిలేసి వస్తున్నానని చెప్పాను. రోగమా అంది. కాదన్నాను. మరి ఎందుకు వదిలావంటే మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాను. ఒకాయన, తెల్లవాళ్లంతా వెళ్లిపోతుంటే ఈమె ఎందుకు ఉండాలన్నాడు. ఇంకొకాయన, సర్కారు ఊరికే పంపదు, ఏదో ఉండే ఉంటుందన్నాడు. వాళ్లతో గొడవపడే ఓపిక నాకు లేదు.

ముసలామె వాళ్ల మాటలు పట్టించుకోలేదు. షాద్‌నగర్ వస్తుండగా మూట సర్దుకుంటూ నా చెయ్యి పట్టుకుంది.

"మా ఊర్ల సుత దవాఖాన లేదు బిడ్డా. మా కోడలు పోయినేడు కాన్పుల సచ్చిపోయింది. ఆమె మా ఊరికి వస్తదా?"

ఆమె దిగిపోయాక కాచిగూడ దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అన్ని రోజులు బస్సుల్లో, బండ్లలో, లారీల్లో రెండు జిల్లాలు తిరిగాను. కలరమ్మ అక్కరలేని ఊరు ఒక్కటి కూడా నాకు తగల్లేదు. ఆమె అక్కర్లేదని అన్నది ఒక గడి, ఒక కచేరీ. ఆ రెండిటి మాటే చెల్లింది.

బండి కాచిగూడ చేరేసరికి సాయంత్రం అయిదున్నర. దిగి సరాసరి దవాఖానకు వెళ్లి, సెలవు కుదరదన్నా వెళ్లినందుకు పెద్ద నర్సు తిట్లన్నీ నిలబడి విన్నాను. ఆమె తిట్టడం అయిపోయాక క్వినైన్ కావాలని అడిగాను.